ఒకటే గ్యాస్ సిలిండర్.. నాలుగు బీర్ కెగ్‌లు: అమెరికా ఇళ్లలో కనెక్షన్ ఇచ్చేది ఇలా.. లీకైతే మాత్రం ప్రాణాల మీదకే!

ఇంట్లో తయారుచేసిన బీర్‌ను సీసాల్లోకి నింపడం పెద్ద చాకిరీ. ఒక్క విడతలో వచ్చేది 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. దానికి 50కి పైగా సీసాలు కడగాలి, శుద్ధి చేయాలి, మూతలు బిగించాలి. అందుకే అమెరికాలో ఈ అలవాటు ఉన్నవాళ్లు కొన్నాళ్లకే సీసాలు పక్కన పడేసి కెగ్‌ల వైపు మళ్లుతారు. మొదట ఒక కెగ్, తర్వాత రెండు.. చూస్తుండగానే గ్యారేజీలోని ఫ్రీజర్‌లో నాలుగు చేరతాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది. నాలుగింటికీ ఒకే సిలిండర్ నుంచి గ్యాస్ వెళ్లాలి. ఏ బీర్‌కు ఎంత ప్రెషర్ కావాలో అంతే అందాలి. ఒక కెగ్‌లోని బీర్ ఇంకో కెగ్‌లోకి పోకూడదు. గ్యాస్ బయటికి రాకూడదు.

ముందుగా ఒక ముఖ్య గమనిక. ఇది అమెరికా ముచ్చట. అక్కడ 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి అవసరానికి బీర్ చేసుకోవడానికి ఫెడరల్ పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవారు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి. చివరగా అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీర్ తయారుచేస్తే నేరం. హైదరాబాద్‌లో కనిపించే మైక్రో బ్రూవరీలన్నీ లైసెన్సు మీద నడిచేవే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఈ వివరాలు నేరుగా పనికొస్తాయి. మిగతావాళ్లకు ఆ ట్యాప్ వెనకాల ఏం జరుగుతుందో తెలుస్తుంది. మద్యపానం ఆరోగ్యానికి హానికరం అన్న మాట ఇంట్లో చేసిన బీర్‌కూ వర్తిస్తుంది.

పెప్సీ డబ్బాలో బీర్!

ఇళ్లలో వాడే కెగ్‌కు అక్కడ ముద్దుపేరు 'కార్నీ'. కార్నీలియస్ అనే కంపెనీ పేరు మీద వచ్చింది. నిజానికి ఇది బీర్ కోసం పుట్టిందే కాదు. హోటళ్లకు కూల్‌డ్రింక్ సిరప్ సరఫరా చేయడానికి వాడిన స్టీల్ డబ్బా. ఆ తర్వాత కూల్‌డ్రింక్ కంపెనీలు అట్టపెట్టెల్లో ప్లాస్టిక్ సంచీలకు మారిపోయాయి. దాంతో ఈ స్టీల్ డబ్బాలు కుప్పలుతెప్పలుగా పాత సామాను మార్కెట్‌కు వచ్చాయి. ఇంట్లో బీర్ చేసుకునేవాళ్లు వాటిని చౌకగా ఎగరేసుకుపోయారు. పెప్సీ వాడిన రకాన్ని బాల్ లాక్ అని, కోకాకోలా వాడిన రకాన్ని పిన్ లాక్ అని అంటారు. ఈ రెంటి కనెక్టర్లు ఒకదానికొకటి సరిపోవు. కాబట్టి నాలుగు కెగ్‌లు కొనేవాళ్లు నాలుగూ ఒకే రకం కొనుక్కోవడం మేలు. ఇప్పుడు కొత్తగా తయారవుతున్నవి ఎక్కువగా బాల్ లాక్‌లే.

కెగ్ మీద రెండు ముక్కులుంటాయి. ఒకటి గ్యాస్ లోపలికి వెళ్లడానికి. దాని కింద గొట్టం పొట్టిగా ఉంటుంది. రెండోది బీర్ బయటికి రావడానికి. దాని గొట్టం అడుగుదాకా దిగుతుంది. గ్యాస్ పైనుంచి నొక్కుతుంది, బీర్ కింద నుంచి పైకెక్కుతుంది. అంతే సూత్రం. బాల్ లాక్‌లో గ్యాస్ ముక్కుకు చిన్న గాట్లు ఉంటాయి. కనెక్టర్లలో సాధారణంగా బూడిద రంగుది గ్యాస్‌కు, నల్లది బీర్‌కు. తారుమారుగా పెడితే గట్టిగా పట్టేసి, ఊడదీయడానికి చుక్కలు కనిపిస్తాయి.

సిలిండర్ దగ్గర తెలుసుకోవాల్సిందేంటి?

వాడేది కార్బన్ డయాక్సైడ్. మన ఊళ్లలో సోడా బండి దగ్గర కనిపించే సిలిండర్‌లో ఉండే గ్యాసే ఇది. అమెరికాలో 5, 10, 20 పౌండ్ల సైజుల్లో దొరుకుతుంది. లోపల గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది. అందుకే సిలిండర్‌ను నిలబెట్టే వాడాలి. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వచ్చి దాన్ని పాడుచేస్తుంది.

సుమారు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మామూలు గది చల్లదనంలో, సిలిండర్ లోపలి ప్రెషర్ 840 పీఎస్ఐ దాకా ఉంటుంది. కార్నీ కెగ్ తట్టుకునేది సాధారణంగా 130 పీఎస్ఐ. బీర్‌కు కావాల్సింది 12. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రెగ్యులేటర్ లేకుండా సిలిండర్‌ను కెగ్‌కు కలపకూడదని ఎందుకంటారో వేరే చెప్పక్కర్లేదు.

రెగ్యులేటర్ మీద రెండు గేజ్‌లు ఉంటాయి. ఒకటి సిలిండర్ ప్రెషర్ చూపిస్తుంది, రెండోది కెగ్‌కు వెళ్లే ప్రెషర్. చాలామంది మొదటిదాన్ని చూసి గ్యాస్ ఎంత మిగిలిందో లెక్కేస్తారు. అది తప్పు. లోపల ఒక చెంచాడు ద్రవం ఉన్నా ఆ ముల్లు అక్కడే ఉంటుంది. ద్రవమంతా అయిపోయాకే పడిపోవడం మొదలవుతుంది. పడటం మొదలైందంటే సిలిండర్ దాదాపు ఖాళీ అయినట్టే. ఇంకో తిరకాసు కూడా ఉంది. సిలిండర్‌ను ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి అదే ముల్లు 550 దగ్గరికి దిగుతుంది. గ్యాస్ లీకైందని కంగారుపడతారు గానీ అది లీక్ కాదు. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం ఒక్కటే దారి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ మీద చెక్కి ఉంటుంది.

రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించేటప్పుడు మధ్యలో ఒక చిన్న వాషర్ పెట్టాలి. కొన్ని రెగ్యులేటర్లకు అది ముందే అమర్చి వస్తుంది. లేనివాటికి వేరేగా వేయాలి. రూపాయికి కొరగాని ఆ వాషర్ మర్చిపోయి రాత్రికి రాత్రి సిలిండర్ మొత్తం ఖాళీ చేసుకున్నవాళ్లు ఈ హాబీలో కొల్లలు.

నాలుగింటికీ పంచేదెలా?

ఇక్కడ రెండు దారులున్నాయి. నాలుగు కెగ్‌ల్లోనూ ఒకే తరహా బీర్ ఉంటే ఒక్క రెగ్యులేటర్, దాని తర్వాత ఒక మ్యానిఫోల్డ్ చాలు. మ్యానిఫోల్డ్ అంటే ఒక దారిలో గ్యాస్ వచ్చి నాలుగు దారుల్లో పోయే చిన్న లోహపు దిమ్మ. పొలంలో మోటార్ నీళ్లు నాలుగు మడులకు పంచే పైపు లాంటిదన్నమాట. ప్రతి దారికీ సొంత వాల్వ్ ఉంటుంది. ఖర్చు తక్కువ, అమర్చడం తేలిక.

అయితే అన్ని బీర్లకూ ఒకే ప్రెషర్ పనికిరాదు. ఎంత గ్యాస్ కరిగిందన్నదాన్ని 'వాల్యూమ్'ల్లో కొలుస్తారు. 1 వాల్యూమ్ అంటే లీటర్ బీర్‌లో లీటర్ గ్యాస్ కరిగి ఉందని. మామూలు అమెరికన్ పేల్ ఏల్‌కు 2.5 దాకా కావాలి. ఫ్రీజర్ 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే దానికి 11 నుంచి 12 పీఎస్ఐ సరిపోతుంది. జర్మనీ గోధుమ బీర్‌కు 3.5 కావాలంటే అదే చల్లదనంలో 22 దగ్గరికి పెంచాలి. ఇంగ్లండ్ తరహా ఏల్‌కు 1.8 చాలు, అంటే 4 పీఎస్ఐ. ఈ మూడింటినీ ఒకే మ్యానిఫోల్డ్ మీద పెడితే ఒకటి నురగ కక్కుతుంది, ఇంకోటి చప్పబడుతుంది.

అప్పుడు కావాల్సింది సెకండరీ రెగ్యులేటర్లు. సిలిండర్ మీద ఉన్న మొదటి రెగ్యులేటర్‌ను కాస్త ఎక్కువకు, ఉదాహరణకు 30కి పైన పెడతారు. అక్కడి నుంచి గ్యాస్ వరుసగా అమర్చిన సెకండరీలకు వెళ్తుంది. ఒక్కోటి దాని కెగ్‌కు కావాల్సినంతకు తగ్గిస్తుంది. నాలుగింటికీ నాలుగు కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చాలామందికి అంత అవసరం కూడా ఉండదు. రెండు సెకండరీలు పెట్టి, ఒకదాని తర్వాత మూడు దారుల మ్యానిఫోల్డ్ వేసి మామూలు బీర్లకు, రెండోది గోధుమ బీర్‌కో సోడాకో కేటాయిస్తే పని జరిగిపోతుంది. ఇంటికి ఇదే సరైన బేరం.

గిన్నిస్ లాంటి స్టౌట్‌ను చిక్కటి నురగతో పోసుకోవాలనుకుంటే మాత్రం ఈ సిలిండర్ పనికిరాదు. దానికి నైట్రోజన్ 75 శాతం, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం కలిపిన గ్యాస్ వాడతారు. ఆ సిలిండర్ వేరు, రెగ్యులేటర్ మర వేరు, ట్యాప్ కూడా వేరు.

చెక్ వాల్వ్.. చిన్నదే, పని పెద్దది

మ్యానిఫోల్డ్ కొనేటప్పుడు ప్రతి దారికీ చెక్ వాల్వ్ ఉందో లేదో చూడాలి. గ్యాస్‌ను ముందుకే పోనిచ్చి, వెనక్కి రానివ్వని చిన్న ఏర్పాటు అది. ఎందుకంత ముఖ్యం? తొందరగా గ్యాస్ ఎక్కాలని ఒక కెగ్‌ను ఒకరోజు 30 పీఎస్ఐ మీద ఉంచడం మామూలే. తర్వాత రెగ్యులేటర్‌ను 12కి తగ్గిస్తారు. కానీ కెగ్ లోపల ఇంకా 30 దగ్గరే ఉంటుంది. ప్రెషర్ ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకే కదా పోతుంది! కెగ్ అంచుదాకా నిండి ఉంటే ఆ గ్యాస్‌తో పాటు బీర్ కూడా గొట్టంలోకి ఎగదన్నుతుంది. అక్కడి నుంచి రెగ్యులేటర్‌లోకి చేరి జిగురుగా ఎండిపోతుంది. ఒక కెగ్‌లో బీర్ పులిసిపోయి ఉంటే ఆ క్రిములు పక్క కెగ్‌లకూ పాకే దారి ఏర్పడుతుంది. అందుకే ప్రెషర్ తగ్గించే ముందు ఆ కెగ్ మూత మీదున్న రిలీఫ్ వాల్వ్ లాగి అదనపు గ్యాస్ వదిలేయాలి. చెక్ వాల్వ్ ఉన్నా ఈ అలవాటు మానకూడదు. అవి కూడా పాతబడితే పట్టు వదిలేస్తాయి.

గొట్టం పొడవు ఎందుకంత ఉండాలి?

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ట్యాప్ రెండడుగుల దూరంలో ఉంది కదా అని రెండడుగుల గొట్టమే పెడతారు. ట్యాప్ తిప్పగానే గ్లాసు నిండా నురగే! బీర్ గొట్టం పని కేవలం మోసుకెళ్లడం కాదు, లోపల రాపిడితో వేగం తగ్గించడం కూడా. 12 పీఎస్ఐ దగ్గర 3/16 అంగుళాల లోపలి వెడల్పున్న వినైల్ గొట్టం 10 అడుగుల దాకా వేసుకుంటే ఇంట్లో నిదానంగా, నురగ లేకుండా పడుతుంది. మిగిలిన గొట్టాన్ని చుట్ట చుట్టి కెగ్ మీద పెట్టేస్తారు. ఎక్కువ ప్రెషర్ మీద నడిచే గోధుమ బీర్‌కు ఇంకా పొడవు కావాలి, లేదంటే వేగం తగ్గించే మరున్న ట్యాప్ పెట్టాలి. గ్యాస్ గొట్టానికి ఈ లెక్కలేమీ లేవు. కాస్త లావుగా ఉంటే చాలు.

ఫ్రీజర్ విషయానికొస్తే, పైమూత తెరుచుకునే డీప్ ఫ్రీజర్ కొని, గడ్డకట్టకుండా బయట ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెడతారు. మూతకూ పెట్టెకూ మధ్య చెక్క చట్రం బిగించి ట్యాప్‌లు, గొట్టాలు ఆ చెక్కలోంచే తీస్తారు. ఫ్రీజర్ గోడకు మాత్రం రంధ్రం పెట్టకూడదు. లోపల కూలింగ్ పైపులు దాగి ఉంటాయి. ఒక్కటి తెగినా ఫ్రీజర్ పాత ఇనుముకే. చల్లదనం మారితే ప్రెషర్ లెక్క కూడా మారుతుందన్నది గుర్తుంచుకోవాలి. అదే 12 పీఎస్ఐ దగ్గర ఫ్రీజర్ 50 డిగ్రీలకు చేరితే బీర్‌లో నిలిచేది 2.1 వాల్యూమ్‌లే.

లీక్ ఎక్కడుందో పట్టేదెలా?

19 లీటర్ల బీర్‌కు గ్యాస్ ఎక్కించి, చివరి గ్లాసుదాకా బయటికి నెట్టడానికి ఖర్చయ్యే గ్యాస్ లెక్క ప్రకారం 200 గ్రాముల లోపే. 5 పౌండ్ల సిలిండర్ అంటే 2.27 కిలోలు. గాలి బయటికి పంపడానికి వదిలేది పోను కూడా 8 కెగ్‌ల దాకా రావాలి. రెండు, మూడు కెగ్‌లకే ఖాళీ అవుతోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే.

వంటగ్యాస్ దగ్గర చేసినట్టే సబ్బునీళ్లు చల్లి బుడగల కోసం చూడటం మొదటి పరీక్ష. ప్రతి క్లాంపు, ప్రతి మర, కెగ్ మూత చుట్టూ, రెండు ముక్కుల దగ్గర చల్లాలి. కానీ సన్నటి లీక్ బుడగలకు దొరకదు. దానికి రాత్రంతా పెట్టే పరీక్ష ఉంది. ముందు మ్యానిఫోల్డ్ మీద నాలుగు వాల్వ్‌లూ మూసేయాలి. సిలిండర్ తెరిచి ప్రెషర్ ఎక్కించి, సిలిండర్ మళ్లీ కట్టేయాలి. రెండు గేజ్‌ల అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరి. పొద్దునకల్లా ముల్లు పడిపోయి ఉంటే లీక్ సిలిండర్ మరకూ మ్యానిఫోల్డ్‌కూ మధ్యలోనే. నిలబడి ఉంటే ఒక్కో వాల్వ్ తెరుస్తూ ఒక్కో కెగ్‌ను ఇలాగే పరీక్షించాలి. ఏ వాల్వ్ తెరిచాక ముల్లు పడిందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు.

ఒక షరతు. ఈ పరీక్ష ఖాళీ కెగ్‌లతో గానీ, గ్యాస్ పూర్తిగా పట్టిన బీర్‌తో గానీ చేయాలి. కొత్తగా నింపిన బీర్ గ్యాస్‌ను పీల్చుకుంటూ ఉంటుంది కాబట్టి లీక్ లేకపోయినా ముల్లు పడుతుంది. ఇది తెలియక బాగున్న క్లాంపులన్నీ విప్పి మళ్లీ బిగించుకునేవాళ్లున్నారు.

పాత కెగ్‌ల్లో లీకులు ఎక్కువగా మూత రబ్బరు రింగు దగ్గరే ఉంటాయి. రింగుకు ఫుడ్ గ్రేడ్ గ్రీజు రాసి, మూత పెట్టాక ఒక్కసారి 30 పీఎస్ఐ ఇస్తే గట్టిగా కూర్చుంటుంది. ఆ తర్వాత రిలీఫ్ వాల్వ్ నాలుగైదుసార్లు లాగితే లోపలి గాలి కూడా పోతుంది. గాలిలోని ఆక్సిజన్ మిగిలితే బీర్ నాలుగు వారాల్లో తడిసిన అట్టముక్క రుచికి వచ్చేస్తుంది.

అసలు ప్రమాదం ఇదీ..

డబ్బు పోవడం ఒక్కటే కాదు. వంటగ్యాస్‌కు ఘాటు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. నేల మీద, గుంతల్లో, బేస్‌మెంట్లలో పేరుకుంటుంది. ఒక్క 5 పౌండ్ల సిలిండర్ మొత్తం బయటికి వస్తే సుమారు 1,200 లీటర్ల గ్యాస్ అవుతుంది. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న గదిలో తలుపులు మూసి ఉంటే అది 5 శాతం. అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 4 శాతానికే ప్రాణాపాయం. మామూలు గాలిలో ఉండేది 0.04 శాతం మాత్రమే. 20 పౌండ్ల సిలిండరైతే ఆ గదిలో గాలికి దాదాపు ఐదో వంతు ఇదే అవుతుంది. అంత మోతాదులో మనిషి తేరుకునే లోపే స్పృహ తప్పుతుంది.

డీప్ ఫ్రీజర్ ఇందులో మరీ మోసకారి. సన్నగా లీకైన గ్యాస్ ఆ పెట్టెలో తొట్టిలో నీళ్లలా నిలిచిపోతుంది. కెగ్ ఎత్తడానికి తల లోపలికి వంచి గట్టిగా ఊపిరి పీల్చడం చాలామంది చేసే పనే. ముక్కులో సోడా తాగినప్పటి మంట పుడితే అదే హెచ్చరిక. వెంటనే వెనక్కి రావాలి. మూత తెరిచి కాసేపు వదిలేశాకే చెయ్యి పెట్టాలి. ఎవరైనా పడిపోయి కనిపిస్తే వెనకాముందు చూడకుండా లోపలికి పరుగెత్తకూడదు. కాపాడబోయినవాళ్లూ పడిపోయే ప్రమాదం ఉంది. తలుపులు తెరిచి, 911కు ఫోన్ చేయాలి.

పెద్ద సిలిండర్ వాడేవాళ్లు కార్బన్ డయాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో బిగిస్తారు. అమెరికా ఇళ్లలో ఇప్పటికే ఉండే కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పసిగట్టలేదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడొద్దు. పడకగది పక్కన, కిటికీలేని చిన్న గదిలో సిలిండర్ పెట్టడం మంచి పని కాదు. ఎక్కడ పెట్టినా పడిపోకుండా పట్టీతో గోడకు కట్టాలి. నింపించుకుని కారులో తెచ్చేటప్పుడు కూడా అంతే. అద్దాలు దించి, కదలకుండా కట్టి తేవాలి. ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేస్తే ప్రెషర్ పెరిగి, సిలిండర్‌కున్న భద్రతా బిళ్ల పగిలి గ్యాసంతా కారులో నిండిపోతుంది.

నింపించడానికి వెళ్లేటప్పుడు మెడ మీద చెక్కిన టెస్ట్ తేదీ చూసుకోవాలి. అమెరికాలో ఈ సిలిండర్లకు 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. గడువు దాటితే నింపరు. కొన్నిచోట్ల నింపే బదులు పాతది తీసుకుని వేరే సిలిండర్ చేతిలో పెడతారు. తళతళలాడే కొత్త అల్యూమినియం సిలిండర్ ఇచ్చి గీతలు పడిన పాతది తెచ్చుకోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు టెస్ట్ ఖర్చు మాత్రం దుకాణం నెత్తినే పడుతుంది. కొత్తది వదులుకోవడం ఇష్టం లేనివాళ్లు ముందే ఫోన్ చేసి, కళ్లముందే నింపి ఇచ్చే చోటు వెతుక్కుంటారు.